ఒక్క ముక్క వదలకుండా

మండపేట,
నవంబర్ 18, 2024.

ఒరేయ్ లోవరాజూ,

నువ్వు పంపిన ఎండు రొయ్యలు అందాయి. వండిపెట్టే మనిషి ఇంట్లో లేదు. మా అమ్మాయి వెంకటదుర్గకి తొమ్మిదో నెల. "ఆఫీసులో సెలవు దొరకదు, పురుడు ఇక్కడే పోయండి" అని కబురు పెడితే మాణిక్యాంబ సామాను సర్దుకుని రాజమండ్రి వెళ్ళింది. మూడు నెలలకి గాని రాదు. వెళ్తూ వెళ్తూ మా వీధి పిల్లలకి నన్ను అప్పజెప్పి మరీ వెళ్ళింది. అక్కడ మొదలైంది నా ఖర్మ.

ముగ్గురున్నారు. పక్కింటి సారిక పదో తరగతి. ఎదురింటి ఆరోన్ తొమ్మిదో తరగతి. వీధి చివర గణేష్‌బాబు ఐటీఐలో డీజిల్ మెకానిక్, మన ట్రేడే. తెల్లారి ఆరు కొట్టకుండానే తలుపు కొడతారు. "టీ తాగారా తాతగారూ?" తాగాను. "మాత్ర వేసుకున్నారా?" వేసుకున్నాను. "ఏ మాత్రండీ? అట్ట చూపించండి." నేనేమన్నా ఎల్‌కేజీ పిల్లాణ్ణా?

నిన్న ఆదివారం నా ఇంటి మెట్లకి సున్నం కొట్టారు. మెట్టంతా కొట్టినా ఊరుకుందును. అంచున మాత్రం పట్టీలాగా ఒక గీత గీసి పోయారు. ఎందుకే అంటే "అందంగా ఉంటుందండి" అంటుంది సారిక. వంటింట్లో ఉప్పు డబ్బాకి ఎర్ర గుడ్డ కట్టారు. పంచదార డబ్బాకి ఇంకేదో కట్టారు. నేను వీధిలోకి అడుగు పెడితే చాలు, ఆ ఆరోన్ నా ముందు నడుస్తూ క్రిస్మస్ పాటలు ఎత్తుకుంటాడు. నవంబర్‌లో క్రిస్మస్ ఏంట్రా అంటే ప్రాక్టీసట. రోడ్డు మీద గుంట వచ్చినచోటల్లా గొంతు మరీ పెంచుతాడు. నా చెవులు నీ చెవుల్లా అయిపోయేట్టున్నాయి.

ఇది చాలదని నా మోపెడ్ మొండికేసింది. నాలుగు రోజులైంది స్టార్టవక. పెట్రోలుంది. కొత్త ప్లగ్ వేశాను. కార్బొరేటర్ విప్పి కడిగాను. నలభై ఏళ్ళు రైస్ మిల్లు ఇంజన్లతో కాపురం చేసినవాణ్ణి, సీజన్ వస్తే ఇప్పటికీ మిల్లువాళ్ళు పిలుస్తున్నవాణ్ణి, ఒక మోపెడ్ నన్ను వెక్కిరిస్తోంది. నేను నాలుగు కిక్కులు కొట్టేసరికి గణేష్‌బాబు వాళ్ళ నాన్న బైకు మీద ప్రత్యక్షం. మొన్నే పద్దెనిమిది నిండి లైసెన్సు తెచ్చుకున్నాడు. "నేనూ అటే వెళ్తున్నానండి, ఎక్కండి" అంటాడు. వాడి ఐటీఐ ఊరికి ఆ చివర, నా మిల్లు ఈ చివర. ఎటురా అటే?

ఇక్కడ కోతలు ముమ్మరంగా ఉన్నాయి. కాలవ గట్టు రోడ్డు మీద పల్లంరాజు సగం రోడ్డు పైగా ధాన్యం ఆరబోశాడు. మొన్న ఎవడో బండివాడు దాని మీంచి పోనిచ్చి అంతా చిందరవందర చేశాడట. కళ్ళు నెత్తికెక్కి నడుపుతున్నారు ఈ రోజుల్లో.

నీకు ఫోన్ చేద్దామంటే "ఆఁ? ఆఁ?" తప్ప ఇంకో మాట రాదు. బోటు ఇంజన్ పక్కన ముప్పై ఏళ్ళు కూర్చుని చెవులు పోగొట్టుకున్నావు. మీవాడు కొనిచ్చిన చెవి మిషన్ బీరువాలో దాచుకున్నావు. అందుకని ఈ కాగితాలు ఖరాబు చేస్తున్నాను. అక్షరాలు గీత దిగితే ఏమనుకోకు, ఈ పెన్ను మంచిది కాదు.

నీ
అప్పాజీ

~

మొగల్తూరు,
డిసెంబర్ 1.

ఒరేయ్ అప్పాజీ,

నీ ఉత్తరం చదవడానికి నాకు గంటన్నర పట్టింది. మూడో పేజీలో ఒక లైను మీద ఇంకో లైను ఎక్కింది. కవరు మీద మొగల్తూరు అన్న మాట స్టాంపు కింద దూరింది. మా పోస్ట్‌మాన్ లాజరు నీ దస్తూరీ ఎరిగినవాడు కాబట్టి తెచ్చాడు, "ఈయనకి ఒంట్లో బాగుందా అండీ" అని కూడా అడిగాడు.

పెన్నుకి ఏ రోగమూ లేదు. నీ కంటికి ఎన్నాళ్ళ నుంచి?

వేసవిలో వచ్చినప్పుడే నాకు అనుమానం వచ్చింది. మా కోడలు మరిడమ్మని చూసి "బాగున్నావా వదినా" అన్నావు. అది నవ్వి ఊరుకుంది. మీ వదిన మాత్రం వారం రోజులు నాతో మాట్లాడలేదు, ఆవిణ్ణి చూసి మరిడమ్మ అని ఎవరూ పొరబడలేదని.

మోపెడ్ సంగతి. పెట్రోలుండి, కొత్త ప్లగ్ వేసి, కార్బొరేటర్ కడిగాక ఇంక మిగిలింది ప్లగ్‌కి కరెంటు అందకపోవడమే. ఇది నేను నీకు చెప్పాలా? ప్లగ్ టోపీ లాగి చూశావా? ఐటీఐలో మన ఇన్‌స్ట్రక్టర్ స్కూటర్ గుర్తుందా? పరీక్ష రోజున ఆ టోపీలో ప్లాస్టిక్ కాగితం ముక్క దూర్చి, ఆయన రెండు గంటలు కిక్కులు కొడుతుంటే మనం గదిలో కూర్చుని పుస్తకం తిరగేశాం. నీ బండికి అలాంటి పని ఎవడు చేస్తాడులే గానీ, టోపీ మాత్రం చూడు.

ఇంకొకటి. ధాన్యం తొక్కినవాడి పేరు రాయలేదు. మండపేటలో నీకు తెలియని బండివాడు ఎవడు?

నీ
లోవరాజు

~

మండపేట,
డిసెంబర్ 9.

ఒరేయ్ లోవరాజూ,

ఈ ఉత్తరం రాస్తున్నది సారిక. నేను చెబుతున్నాను, అది రాస్తోంది. నా వేలికి దెబ్బ తగిలింది. (తాతగారి వేలికి ఏ దెబ్బా లేదండి. — సారిక.) నీ ఉత్తరం చదివింది కూడా ఇదే, కళ్ళజోడు ఎక్కడో పెట్టి మర్చిపోయాను.

సరే, దాపరికం ఎందుకు. కాస్త మసకగా ఉంటోంది. మంచు రోజులు కదా. ఎండలొస్తే అదే తగ్గుతుంది. శుక్లమేనని నాకూ తెలుసు. డాక్టరు దగ్గరికి వెళ్తే కోస్తానంటాడు. మా అమ్మకి ఎప్పుడో ఒక శిబిరంలో కోశారు. కట్టు విప్పాక ఆ కంటితో ఆవిడ మళ్ళీ దీపం చూడలేదు. పద్నాలుగేళ్ళు చెయ్యి పట్టుకుని నడిపించినవాణ్ణి నేను. నాకు ఆ ఆపరేషన్ మాట చెప్పకు. మాణిక్యాంబ చెవిన వెయ్యకు. ముందు నువ్వు బీరువాలోంచి చెవి మిషన్ బయటికి తియ్యి, తర్వాత నా కంటి గురించి మాట్లాడు.

ప్లగ్ టోపీ లాగి చూశాను. లోపల వేలు పెట్టి తడిమాను కూడా. ఏమీ లేదు.

మనవడు పుట్టాడు. ఐదో తారీఖు. తల్లీ బిడ్డా క్షేమం. గణేష్‌బాబు రాజమండ్రి తీసుకెళ్ళాడు, ఆ రోజు వాడికి అటే పనిబడిందట! పిల్లాణ్ణి నా ఒళ్ళో పెట్టారు. అచ్చం నా పోలికే అన్నారు అందరూ. నేనూ అవునన్నాను.

ఈ పిల్లల గోల రోజురోజుకీ ఎక్కువవుతోంది. ఈ సారిక ఉంది చూశావూ, ఇంత మొండి పిల్లని నా సర్వీసులో చూడలేదు. రాయవే, అలాగే రాయి. పదో క్లాసు పిల్ల చదువుకోక నా ఇంట్లో డబ్బాలు సర్దుతోంది. వీళ్ళ అమ్మానాన్నలకి చెప్పి తిట్టిద్దామంటే, వాళ్ళు ఇంకో గిన్నె కూర పంపిస్తున్నారు. తల ప్రాణం తోకకొస్తోంది.

నీ
అప్పాజీ

~

(అదే కవర్లో మడిచిన మరో కాగితం)

మండపేట,
తేదీ: 09-12-2024.

గౌరవనీయులైన లోవరాజు తాతగారికి,
సారిక నమస్కరించి వ్రాయునది.

విషయము: అప్పాజీ తాతగారి కన్ను గురించి.

ఆర్యా, పై విషయమును తమ దృష్టికి తెచ్చుచున్నందులకు క్షమించగలరు. మాకు లేఖలు ఇలాగే రాయాలని నేర్పారండి. కానీ ఇలా రాస్తే చెప్పాల్సింది రావట్లేదు, మామూలుగా రాసేస్తున్నాను.

పల్లంరాజు గారి ధాన్యం మీంచి బండి పోనిచ్చింది తాతగారేనండి. నవంబర్ పదమూడు సాయంత్రం. నేనూ ఆరోనూ ట్యూషన్ నుంచి గణేష్ అన్నతో వస్తూ చూశాం. ఆయనకి ధాన్యం కనబడలేదు. రోడ్డనుకుని నేరుగా వెళ్ళిపోయారు. చక్రాలు ధాన్యంలో కూరుకుపోయి బండి పక్కకి ఒరిగింది. దెబ్బలేం తగల్లేదు. కానీ చెప్పుల కాళ్ళతో ధాన్యం మీద నిలబడ్డానని తెలిసి, ఆయన చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని అలా ఉండిపోయారండి. ఎవరితోనూ చెప్పొద్దన్నారు. మేం ధాన్యం అంతా ఎత్తి సర్దేశాం.

తాతగారికి తెలియనిది ఇంకొకటి ఉంది. ఆ ధాన్యం పక్కన గోనె పట్టా మీద పల్లంరాజు గారి మనవరాలు నిద్రపోతోంది. నాలుగేళ్ళు. ముందు చక్రం ఆగిన చోటికి, పాప తలకి మధ్య జానెడు. నేను కొలిచానండి. పాప లేవలేదు కూడా. పల్లంరాజు గారు పరుగెత్తుకొచ్చి గట్టిగా తిట్టబోయి, తాతగారు ఎటో చూస్తూ దణ్ణం పెట్టడం చూసి ఆగిపోయారు. మమ్మల్ని పక్కకి పిలిచి, "ఆ బండి ఈయన ఎక్కకుండా చూడండర్రా" అన్నారు.

అందుకని గణేష్ అన్న ప్లగ్ టోపీలో చాక్లెట్ మీది పల్చటి ప్లాస్టిక్ కాగితం పెట్టాడు. ఆ విద్య తాతగారే చెప్పారు, మీ ఐటీఐ సారు స్కూటర్ కథ చెబుతూ. తాతగారు టోపీ తడుముతారని మీ ఉత్తరం చదివిన రోజున ఇంకా లోపలికి నెట్టాం.

పాప సంగతి మాత్రం ఆయనకి చెప్పకండి. తట్టుకోలేరు. డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే మమ్మల్ని తిడుతున్నారు. తిడితే పర్లేదండి, అలవాటైంది. మామ్మగారికి చెబుదామంటే పురిటింట్లో ఉన్నారు. మీరు చెబితేనే వింటారు. త్వరగా చెప్పండి. నాకు మార్చిలో పబ్లిక్ పరీక్షలు, ఎక్కువ రోజులు బండికి కాపలా కాయలేం.

ఇట్లు,
తమ విధేయురాలు
కె. సారిక, పదవ తరగతి

~

మొగల్తూరు,
డిసెంబర్ 19.

అప్పాజీ,

ఈ ఉత్తరం కూడా ఆ పిల్లే చదువుతోందని నాకు తెలుసు. అమ్మా సారికా, నువ్వు చెప్పొద్దన్నది నేను చెప్పబోతున్నాను. నా మీద కోపం తర్వాత తెచ్చుకుందువు గాని, ఇప్పుడు మాత్రం ఒక్క ముక్క వదలకుండా చదివి వినిపించు.

ఒరేయ్, ధాన్యం తొక్కింది నువ్వు. ఆ సంగతి నా దగ్గర దాచావు. ఫర్వాలేదు. ధాన్యం మిల్లులో పనిచేసినవాడికి అది ఎంత సిగ్గో నాకు తెలుసు. కానీ ఆ సాయంత్రం ఆ ధాన్యం పక్కన పల్లంరాజు మనవరాలు పడుకుని ఉంది. నీ ముందు చక్రం ఆ పసిదాని తలకి జానెడు దూరంలో ఆగింది. బండి ధాన్యంలో కూరుకుపోబట్టి ఆగింది, నువ్వు ఆపితే కాదు. ఆ జానెడే లేకపోతే ఈ పాటికి నువ్వేం అయ్యుండేవాడివో, ఆ ఇల్లేం అయ్యుండేదో ఆలోచించుకో.

నీ బండి చెడిపోలేదు. టోపీలో కాగితం ఉంది. మన విద్యే. మనం పరీక్ష గట్టెక్కడానికి పెట్టాం, వాళ్ళు నిన్ను కాపాడటానికి పెట్టారు. మెట్ల మీద సున్నం గీత ఎందుకో, ఆ కుర్రాడు గుంటల దగ్గర గొంతెందుకు పెంచుతున్నాడో ఇప్పటికైనా నీ బుర్రకి ఎక్కిందా? నలభై ఏళ్ళు మెకానిక్కువి, నీ చుట్టూ ఏం జరుగుతోందో తెలుసుకోలేకపోయావు.

ఇంకో మాట రాయాలి. నీకు కనబడదని వీధిలో ఒక్కరికీ తెలియనివ్వకుండా, నీ తిట్లు తింటూ నీ పరువు కాపాడారు ఆ ముగ్గురూ. సొంత మనవలకి కూడా ఇంత ఓపిక ఉండదు. ఈ సారిక లాంటి పిల్ల నా ఇంట్లో పుట్టి ఉంటే రోజూ దిష్టి తీసి పడుకోబెట్టేవాణ్ణి.

మీ అమ్మ సంగతి నాకూ తెలుసు. నేనూ ఆవిడ చేతి అన్నం తిన్నాను. అది నలభై ఐదేళ్ళ కిందటి మాట. మా బోటు నడిపే సరంగు సాల్మన్ పోయిన ఏడాది రెండు కళ్ళూ చేయించుకుని ఇప్పుడు సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. నువ్వు భయపడుతున్నావు. భయమని చెప్పు, మంచు అని చెప్పకు.

పందెం వేసుకుందాం. నువ్వు కన్ను చేయించుకున్న రోజున నేను చెవి మిషన్ పెట్టుకుంటాను.

లోవరాజు

~

మండపేట,
డిసెంబర్ 29.

లోవరాజూ,

సారిక చదివింది. ఒక్క ముక్క వదల్లేదు. పాప సంగతి కూడా చదివింది.

నేను కేకలేశాను. నెల పైగా నన్ను వెర్రివాణ్ణి చేసి ఆడించారని, నా గడప తొక్కొద్దని ముగ్గుర్నీ పొమ్మన్నాను. నాలుగు రోజులు తలుపు తియ్యలేదు. వాళ్ళు ఏం చేశారనుకున్నావు? కిటికీలోంచి "మాత్ర వేసుకున్నారా తాతగారూ" అని అరిచి పోయారు. తిట్టినా పోరు, కొట్టినా పోరు. ఏం పిల్లల్రా వీళ్ళు?

ఐదో రోజు కర్ర పట్టుకుని పల్లంరాజు ఇంటికి బయల్దేరాను. ఆరోన్ ముందు నడవడం మొదలుపెట్టాడు. వెనక్కి పొమ్మన్నాను. "నేను మీతో రావట్లేదండి, పాట ప్రాక్టీసు చేసుకుంటున్నా" అన్నాడు. క్రిస్మస్ అయిపోయి మూడు రోజులైందిరా అన్నాను. "వచ్చే ఏడాదికండి" అన్నాడు.

పల్లంరాజు కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు. క్షమించమన్నాను. "ఊరుకోండి అప్పాజీ గారూ, దాన్నెత్తుకోండి" అని ఆ పిల్లని పిలిచాడు. అది వచ్చి నా వేలు పట్టుకుంది. వంగి చూశాను. మొహం ఉండాల్సిన చోట పొగలాగా ఉంది. ఈ పిల్లేనా అని ఎవరైనా అడిగితే నేను పోల్చలేను. నాకు ఏడుపొచ్చింది లోవరాజూ. మనవడు నా పోలికని అందరితో పాటు తలూపి వచ్చాను, అదీ గుర్తొచ్చింది.

అవును, భయమే. సారికని నేనే పిలిచి ఈ ముక్క దాని చేత రాయిస్తున్నాను, దానికీ తెలియనీ.

జనవరి ఇరవై రెండున రాజమండ్రిలో ఆపరేషన్. మాణిక్యాంబకి నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ తిట్టిన తిట్లకి ఫోన్ చెవికి దూరంగా పెట్టుకోవాల్సి వచ్చింది.

అప్పాజీ

~

మొగల్తూరు,
జనవరి 24, 2025.

ఒరేయ్,

గణేష్‌బాబు మావాడి ఫోన్‌కి మెసేజ్ పెట్టాడు, నిన్న కట్టు విప్పారని, గోడ మీద గడియారంలో టైము నువ్వే చెప్పావని. ఆ ఫోన్ పట్టుకుని వీధంతా తిరిగి చూపించాను.

మాట ప్రకారం మిషన్ పెట్టుకున్నాను. మా ఇంట్లో ఇంత గొడవ జరుగుతోందని నాకు ఇన్నాళ్ళూ తెలీదు. మీ వదిన రోజంతా నన్నే తిడుతోందిరా. పందెం వేసి తప్పు చేశాను.

లోవరాజు

~

మండపేట,
ఫిబ్రవరి 6.

ఒరేయ్ లోవరాజూ,

ఇది నా దస్తూరీ. చూసుకో, ఒక్క అక్షరమైనా గీత దిగిందేమో. రెండో కన్ను ఎండాకాలంలో చేస్తారట.

ముందు మనవణ్ణి చూశాను. నా పోలిక కాదు. ముక్కు వాళ్ళ నాన్నది, చెవులు ఎవరివో తెలీదు. అందరూ అబద్ధాలకోరులే.

తర్వాత ఇంటికొచ్చాను. గేటు దగ్గర బైకు దిగి నిలబడిపోయాను. సున్నం నా మెట్లకే కాదు. గేటు దగ్గర మురికి కాలవ మీది పలకకి రెండు పక్కలా గీత. వీధిలో ప్రతి గుంట చుట్టూ ముగ్గేసినట్టు వలయం. టీ కొట్టు దాకా, అక్కడి నుంచి మిల్లు మలుపు దాకా. వీధిలో వాళ్ళు అడిగితే వాహనాల కోసమని చెప్పారట. ఒక్క గీత తిన్నగా లేదు, ఇంత వంకర చెయ్యి ఎవరిదిరా అంటే గణేష్‌బాబు, ఆరోన్ ఒకరినొకరు చూపించుకున్నారు. పంచదార డబ్బాకి కట్టింది సారిక స్కూలు రిబ్బను. దానికి రెండు జడల్లో ఒక రిబ్బను మూడు నెలలుగా వేరే రంగుది ఉందని వాళ్ళమ్మ చెబితే తెలిసింది.

మోపెడ్ ప్లగ్ టోపీ లాగి చూశాను. కాగితం ముక్క అక్కడే ఉంది. బండి నడపడానికి డాక్టరు నెల ఆగమన్నాడు. కాగితం మళ్ళీ అలాగే పెట్టేశాను.

అసలు సంగతి ఇది. నిన్న పొద్దున్న తీరిగ్గా కూర్చుని నీ ఉత్తరాలు నా కళ్ళతో నేనే చదువుకుందామని తీశాను. డిసెంబర్ పంతొమ్మిది ఉత్తరం చదువుతుంటే, మధ్యలో ఒక పేరా కొత్తగా తగిలింది. రెండుసార్లు చదివాను. ఆ పేరా నేను వినలేదు. పాప సంగతి చదివింది, నన్ను బుర్ర లేనివాడన్నావు, అదీ చదివింది, భయపడుతున్నావన్నది కూడా చదివింది. నువ్వు వాళ్ళని మెచ్చుకున్న నాలుగు మాటలూ మాత్రం దాటేసింది. పైగా "ఒక్క ముక్క వదల్లేదు" అని నేను చెబితే కిక్కురుమనకుండా రాసుకుంది!

కోపం నషాళానికి అంటింది. పిలిచాను. ఉత్తరం ముందు పెట్టి, "ఇదేంటే, ఇది చదవలేదేం?" అన్నాను. "అది మీ కంటి గురించి కాదు కదండీ" అంది, నేలచూపులు చూస్తూ.

మిగతా ఇద్దర్నీ కూడా పిలిచాను. ముగ్గుర్నీ ఆ సున్నం మెట్ల మీద కూర్చోబెట్టి, వీధికి వినబడేట్టు ఆ పేరా నేనే పైకి చదివాను. దిష్టి తీసే దాకా, ఒక్క ముక్క వదలకుండా. ఆరోన్ పక్కకి తిరిగి కూర్చున్నాడు. గణేష్‌బాబు బైకు తాళం వేళ్ళ మధ్య తిప్పుతూ ఉండిపోయాడు. సారిక లేచి, "తాతగారూ, పదింటికి కంట్లో చుక్కలు వేసుకున్నారా?" అంది.

వేసుకోలేదు లోవరాజూ. నీ ఉత్తరం గొడవలో పడి మర్చిపోయాను. తల పైకెత్తమని నా గడ్డం పట్టుకుని ఆ పిల్లే వేసింది.

నీ
అప్పాజీ